మంటలార్పే వాలంటీర్లకు టెక్సస్ రాష్ట్రం ఇవ్వవలసిన డబ్బు

2024 ఫిబ్రవరి 26న టెక్సస్ ఉత్తర కొసన, పాన్‌హ్యాండిల్ అని పిలిచే గడ్డిమైదానాల్లో, స్టినెట్ అనే చిన్న ఊరి దగ్గర రాజుకున్న మంట మూడు వారాలు తిరగకుండానే పది లక్షల ఎకరాలకు పైగా దహించింది. స్మోక్‌హౌస్ క్రీక్ మంటగా పేరుపడిన ఆ కార్చిచ్చు రాష్ట్ర చరిత్రలోకెల్లా పెద్దది. దానిలో ఇద్దరు పౌరులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజుల్లో పాన్‌హ్యాండిల్‌లో చెలరేగిన మంటలన్నిటిలో కలిపి ఏడు వేలకు పైగా పశువులు చనిపోయాయని రాష్ట్ర వ్యవసాయ కమిషనర్ అంచనా వేశారు. మంటలు ఇంకా పూర్తిగా అదుపులోకి రాకముందే, మార్చి 5న, పొరుగున ఉన్న ఫ్రిచ్ అనే ఊరి వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ అధిపతి ఒక ఇంటి మంటను ఆర్పుతూ కన్నుమూశారు.

ఆ మంటలకు మొదటి గంటల్లో ఎదురునిలిచినవారిలో చాలామంది జీతం తీసుకునే అగ్నిమాపక సిబ్బంది కారు. పగలు పశువులు మేపుకొనేవారు, బడిలో పాఠం చెప్పేవారు, గ్యారేజీలో బండ్లు బాగుచేసేవారు, చమురు బావుల దగ్గర పనిచేసేవారు పేజర్ మోగగానే చేతిలో పని వదిలేసి ఊరి షెడ్డులో నిలిపి ఉన్న ట్రక్కు ఎక్కి మంటల వైపు వెళ్లారు. కొందరు ఎక్కిన ట్రక్కుల వయసు వాటిని నడిపేవారి వయసు కంటే ఎక్కువ. అమెరికా అంతటా పరిస్థితి ఇంచుమించు ఇదే. 2020 నాటి లెక్కల ప్రకారం ఆ దేశంలోని అగ్నిమాపక సిబ్బందిలో దాదాపు 65 శాతం, అంటే సుమారు 6,76,900 మంది, వాలంటీర్లే. 1984లో ఆ సంఖ్య 8,97,750. ఈ మధ్యకాలంలో దేశ జనాభా దాదాపు పది కోట్లు పెరిగినా, మంటలార్పడానికి ఊరికే ముందుకొచ్చే మనుషులు మాత్రం రెండు లక్షలకు పైగా తగ్గిపోయారు.

ప్రాణాపాయమున్న పనికి శ్రమను ఎవరైనా ఉచితంగా ఇస్తే, ఆ పనికి కావలసిన పరికరం, శిక్షణ, గాయపడితే వైద్యం, చనిపోతే కుటుంబానికి ఆసరా ప్రభుత్వం బాధ్యతగా ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ డబ్బు ఏటా, తప్పకుండా, అడగకుండానే అందాలి. దరఖాస్తు పెట్టుకొని వంతు కోసం ఏళ్ల తరబడి వేచి ఉండాల్సిన దానంగా అది ఉండకూడదు. టెక్సస్‌లో పదేళ్లకు పైగా నివసిస్తూ, నగర పరిధికి ఆవల ఇల్లు కొనుక్కొని, వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ రక్షణలో బతుకుతున్న మనిషిగా ఈ మాట చెబుతున్నాను.

మన ప్రాంతం నుంచి వచ్చినవారికి ఈ వ్యవస్థ మొదట నమ్మశక్యంగా ఉండదు. గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చిన మా మామగారు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో పదవీ విరమణ చేసిన మనిషి. ఒక శనివారం సాయంత్రం మా రోడ్డు చివరి షెడ్డు ముందు మాంసం కాల్చి పళ్లెం ఇంతకని అమ్ముతుంటే, ఎవరి పెళ్లి అని అడిగారు. ఫైర్ ఇంజను టైర్ల కోసం విరాళాలు పోగు చేస్తున్నారని చెప్పాను. "అదేమిటమ్మా, ఫైర్ స్టేషన్ అంటే ప్రభుత్వానిది కదా, 101కి ఫోన్ చేస్తే రావడం వాళ్ల ఉద్యోగం కదా" అన్నారు. ఆయన ఎరిగిన లోకంలో అది నిజమే. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అగ్నిమాపక సేవలు రాష్ట్ర ప్రభుత్వ శాఖ కిందే ఉన్నాయి. స్టేషన్లు చాలవు, సిబ్బంది చాలరు, మండలానికి ఆవలి పల్లెకు ఇంజను చేరేసరికి గడ్డివాములు కాలిపోయి ఉంటాయి అనే ఫిర్యాదులు వేరు. కానీ ఇంజను టైర్లకు ఊరివాళ్లు చందాలు వేసుకోవాలని అక్కడ ఎవరూ అనరు.

టెక్సస్ చట్టంలో ఉన్నది వేరు. ఇక్కడి 254 కౌంటీలకు, అంటే మన జిల్లాల వంటి పాలనా విభాగాలకు, తమ గ్రామీణ ప్రాంతాల్లో అగ్నిమాపక సేవ అందించే అధికారం ఉంది గాని, అందించి తీరాలన్న విధి లేదు. ఆ ఖాళీని పూరించడానికి ఊరివాళ్లే కూడి సంఘంగా ఏర్పడి, షెడ్డు వేసుకొని, పాత ట్రక్కు ఒకటి సంపాదించుకొని మొదలుపెట్టినవే వాలంటీర్ డిపార్ట్‌మెంట్లలో చాలా భాగం. కౌంటీ ఏటా కొంత సొమ్ము ఇస్తుంది, మిగతాది విందులు, లాటరీలు, వేలంపాటలు, విరాళాల మీద నడుస్తుంది. స్థానిక ఓటర్లు ఒప్పుకుంటే అత్యవసర సేవల జిల్లా ఒకటి ఏర్పాటు చేసుకొని, ప్రతి వంద డాలర్ల ఆస్తి విలువపై గరిష్ఠంగా పది సెంట్ల వరకు పన్ను వేసుకోవచ్చు. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల, ఒక్కో ఇంటి విలువ అయిదారు లక్షల డాలర్లున్న కాలనీల్లో ఆ పది సెంట్లతో మంచి స్టేషన్, కొత్త ఇంజను, జీతం తీసుకునే సిబ్బంది కూడా వస్తారు. పాన్‌హ్యాండిల్‌లోనో పశ్చిమ టెక్సస్‌లోనో, పాతిక మైళ్లకు పది ఇళ్లున్న చోట అదే పది సెంట్లు వేస్తే ఏడాది డీజిలు ఖర్చు వెళ్లడమే కష్టం. అంటే భూమి ఎక్కువ, గడ్డి ఎక్కువ, గాలి ఎక్కువ ఉన్న చోట, మంట పెద్దదయ్యే అవకాశం ఎక్కువున్న చోటనే పన్ను పుట్టేందుకు ఆస్తి తక్కువ. స్థానిక పన్నులతోనే స్థానిక రక్షణ అనే సూత్రం ఇక్కడ మొదటి అడుగులోనే విరిగిపోతుంది. రాష్ట్రం జోక్యం చేసుకోవలసిన కారణాల్లో మొదటిది, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది ఇదే.

రాష్ట్రం ఏమీ చేయడం లేదని నేను అనడం లేదు. 2001లో టెక్సస్ శాసనసభ గ్రామీణ వాలంటీర్ డిపార్ట్‌మెంట్లకు సాయం చేసే పథకం ఒకటి చట్టం ద్వారా పెట్టింది. దాన్ని రాష్ట్ర అటవీ సంస్థ అయిన టెక్సస్ ఏ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్ నడుపుతుంది. ట్రక్కులకు, రక్షణ దుస్తులకు, గొట్టాలకు, శిక్షణకు గ్రాంట్లు ఇస్తారు. సైన్యం వాడి వదిలేసిన ట్రక్కులను మంటలార్పే బండ్లుగా మార్చుకొనేందుకు డిపార్ట్‌మెంట్లకు ఇప్పించే ఏర్పాటూ ఉంది. డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నది ఈ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం. ఆస్తి బీమా కంపెనీలపై ఒక రుసుము వేసి, ఆ సొమ్మును ఈ పథకానికి కేటాయించారు. వాలంటీర్లకు ప్రమాద బీమా చేయించడానికి కొన్నేళ్లపాటు టపాసుల అమ్మకంపై రెండు శాతం అదనపు పన్ను కూడా ఉండేది. మంట ఆరితే ఎవరికి నష్టం తగ్గుతుందో వారి దగ్గర, మంట పుట్టే అవకాశాన్ని ఎవరు అమ్ముతున్నారో వారి దగ్గర డబ్బు తీసుకొని మంటలార్పేవారికి ఇవ్వడం న్యాయమైన ఆలోచన.

ఆలోచన న్యాయమైనదే గాని ఆచరణలో రెండు పెద్ద లోపాలున్నాయి. మొదటిది, బీమా కంపెనీల నుంచి ఏటా వసూలు చేసే మొత్తం మూడు కోట్ల డాలర్లు మించరాదన్న పరిమితి ఏళ్ల తరబడి చట్టంలో ఉంది. ఇళ్ల ధరలు, బీమా ప్రీమియంలు, ట్రక్కుల ధరలు అన్నీ పెరిగినా ఆ అంకె పెరగలేదు. ఇప్పుడు కొత్త పంపర్ ఇంజను ధర అయిదు లక్షల డాలర్లు ఎప్పుడో దాటిపోయింది. మంటలోకి వెళ్లే మనిషికి తొడిగే దుస్తులు, బూట్లు, శిరస్త్రాణం, వీపున మోసే గాలి సిలిండరు, ముసుగు అన్నీ కలిపితే ఒక్కరికే పదివేల డాలర్ల దాకా అవుతుంది. పైగా ఆ దుస్తులు తయారైన తేదీ నుంచి పదేళ్లకు పక్కన పెట్టేయాలని జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఇరవై మంది సభ్యులున్న డిపార్ట్‌మెంట్ పదేళ్లకొకసారి అందరి దుస్తులూ మార్చాలంటే, శనివారం విందుల్లో పళ్లేలు అమ్మి ఆ డబ్బు పోగుచేయడం సాధ్యమయ్యే పని కాదు. అందుకే చాలాచోట్ల పెద్ద నగరాల డిపార్ట్‌మెంట్లు వాడి పక్కన పెట్టిన దుస్తులు, అంటే వేడిని ఆపే శక్తి ఎంత మిగిలిందో తెలియని దుస్తులు, వాలంటీర్ల ఒంటిమీదికి చేరుతున్నాయి.

రెండవ లోపం అంతకంటే తీవ్రమైనది. ఈ పథకానికి ఎంత డబ్బు ఇవ్వాలన్నది ప్రతి రెండేళ్లకొకసారి సమావేశమయ్యే శాసనసభ దయ మీద ఆధారపడి ఉంటుంది. 2011లో బడ్జెట్ లోటు వచ్చినప్పుడు ఈ సాయాన్ని ఇంచుమించు నాలుగింట మూడు వంతులు కోసేశారు. ఆ కోత సెప్టెంబర్ 1న మొదలైన ఆర్థిక సంవత్సరంతో అమలులోకి వచ్చింది. సెప్టెంబర్ 4న ఆస్టిన్‌కు తూర్పున బాస్ట్రాప్ కౌంటీలో పైన్ అడవి అంటుకొని 1,600కు పైగా ఇళ్లు బూడిదయ్యాయి, ఇద్దరు చనిపోయారు. మూడు రోజుల కిందటి కోత వల్లనే ఆ ఇళ్లు కాలాయని నేను అనను, ఆనాటి కరువు, తుఫాను గాలులు అసాధారణమైనవి. కానీ రాష్ట్రమంతా ఎండి పిడకలా ఉన్న వేసవిలో, మంటలు రోజూ వార్తల్లో ఉన్న వేళ, ఖాతా సర్దుబాటుకు మొదట తెగ్గోయడానికి వీలైన పద్దు ఇదేనని శాసనసభకు తోచడం ఈ సాయానికి వాళ్లిచ్చే విలువను చూపిస్తుంది.

స్మోక్‌హౌస్ క్రీక్ తరువాత టెక్సస్ ప్రతినిధుల సభ విచారణ కమిటీ ఒకటి వేసింది. ఆ కమిటీ పాంపా అనే ఊళ్లో సాక్ష్యాలు విని, 2024 మేలో నివేదిక ఇచ్చింది. ఆ వాంగ్మూలాల్లో, నివేదికలో ముందుకొచ్చిన విషయాల్లో వాలంటీర్ డిపార్ట్‌మెంట్ల దుస్థితి ప్రధానమైనది. అప్పటికి ఈ సాయ పథకం కింద దరఖాస్తు చేసుకొని డబ్బు కోసం వేచి ఉన్న అభ్యర్థనల విలువ 19 కోట్ల 20 లక్షల డాలర్లు. ఏటా రెండు మూడు కోట్లు విడుదల చేసే పథకంలో అంత బకాయి పేరుకుపోయిందంటే, ఆ రోజు ట్రక్కు కోసం కాగితం పెట్టుకున్న ఊరికి వంతు వచ్చేసరికి ఆరు నుంచి పదేళ్లు పట్టే పరిస్థితి అన్నమాట. ఆ లోపల ట్రక్కు ధర పెరుగుతుంది, దరఖాస్తు రాసిన అధిపతి పెద్దవాడై తప్పుకుంటాడు, పాత ట్రక్కు ఒక మంట మధ్యలో ఆగిపోతుంది. 2025 సమావేశాల్లో శాసనసభ ఈ బకాయిని తీర్చడానికి ఒక్కసారిగా పెద్ద మొత్తం కేటాయించింది. అది నిజంగా హర్షించవలసిన పని, ఆ పని చేయించిన పాన్‌హ్యాండిల్ ప్రతినిధులను మెచ్చుకోవాలి. అయితే పది లక్షల ఎకరాలు కాలిన తరువాత గాని అది జరగలేదు. వరుసలో ఉన్నవారికి ఒకసారి డబ్బిచ్చినంత మాత్రాన కొత్త వరుస మొదలుకాకుండా ఆగదు.

ఈ బిల్లు ఎవరు కట్టాలన్న ప్రశ్నకు జవాబు ఆ మంట పుట్టుకలోనే ఉంది. కుళ్లిన విద్యుత్ స్తంభం ఒకటి విరిగి తీగ నేలను తాకడం వల్ల స్మోక్‌హౌస్ క్రీక్ మంట పుట్టిందని దర్యాప్తులో తేలింది. తమ పరికరాలే మంటకు కారణమైనట్టు కనిపిస్తున్నాయని ఎక్సెల్ ఎనర్జీ సంస్థ ఒప్పుకుంది, నిర్లక్ష్యం మాత్రం లేదని అంటోంది. బాస్ట్రాప్‌లోనూ చెట్లు విద్యుత్ తీగల మీద పడడమే మంటకు మూలం. పల్లెల మీదుగా పోయే ఆ తీగల్లో కరెంటు నగరాలకూ పోతుంది, లాభం వాటాదారులకు పోతుంది, తీగ తెగి మంట పుడితే ఆర్పడానికి మాత్రం జీతం లేని మనిషి తన పనిదినం వదులుకొని వెళ్లాలి. బీమా కంపెనీల సంగతి ఇంకా స్పష్టం. ఒక ప్రాంతంలోని అగ్నిమాపక రక్షణను బీమా పరిశ్రమ ఒకటి నుంచి పది తరగతులుగా విభజిస్తుంది. స్టేషన్ అయిదు మైళ్ల లోపు ఉందా, ఇంజను ఎలాంటిది, నీళ్లు ఎన్ని, మనుషులకు శిక్షణ ఎంత అనే లెక్కలతో ఆ తరగతి నిర్ణయమవుతుంది. పదో తరగతి అంటే గుర్తించదగిన రక్షణే లేదని అర్థం. వాలంటీర్లు ఆదివారాలు సాధన చేసి, కొత్త ట్యాంకరు సంపాదించి ఊరి తరగతిని పది నుంచి ఆరుకో ఏడుకో తెస్తే ఇళ్ల యజమానుల ప్రీమియం తగ్గుతుంది, కంపెనీల పరిహారపు చెల్లింపులూ తగ్గుతాయి. వాలంటీరు ఉచిత శ్రమ ఆ విధంగా కంపెనీ పద్దులో ఆదాయంగా మారుతోంది. ఆ ఆదాయంలో ఒక భాగాన్ని రాష్ట్రం తిరిగి వాలంటీరు చేతికి చేర్చడాన్ని సబ్సిడీ అనడం న్యాయం కాదు.

శిక్షణ గురించి మాట్లాడాలంటే వెస్ట్ అనే ఊరి పేరు ఎత్తక తప్పదు. వేకో నగరానికి ఉత్తరాన ఉన్న ఆ చిన్న పట్టణంలో 2013 ఏప్రిల్ 17 సాయంత్రం ఒక ఎరువుల గోదాము అంటుకుంది. పేజర్లు మోగాయి, వెస్ట్ వాలంటీర్లు, పక్క ఊళ్ల వాలంటీర్లు నిమిషాల్లో చేరుకున్నారు. మంట మొదలైన సుమారు ఇరవై నిమిషాలకు లోపల నిల్వ ఉన్న అమ్మోనియం నైట్రేట్‌లో దాదాపు 30 టన్నులు పేలిపోయింది. 15 మంది చనిపోయారు, వారిలో 12 మంది సాయానికి వెళ్లినవారే. 260 మందికి పైగా గాయపడ్డారు. పాఠశాలలు, ఇళ్లు, వృద్ధాశ్రమం బాగా దెబ్బతిన్నాయి. ఆ దుర్ఘటనపై సమాఖ్య రసాయన భద్రతా సంస్థ మూడేళ్లు దర్యాప్తు చేసి 2016లో ఇచ్చిన నివేదికలో, ఆ ఎరువు మంటలో ఎలా ప్రవర్తిస్తుందో, ఎంత దూరం వెనక్కు తగ్గాలో వాలంటీర్లకు తగిన శిక్షణ అందలేదన్న విషయాన్ని ప్రముఖంగా చెప్పింది. ఆ మనుషుల ధైర్యంలో లోపం లేదు, వేగంలో లోపం లేదు. ఆ గోదాములో ఏముందో, అది వేడెక్కితే ఏం జరుగుతుందో నేర్పే తరగతికి వాళ్లను పంపించే డబ్బు, ఆ తరగతికి వెళ్లిన రోజుల్లో పోయే జీతాన్ని భర్తీ చేసే ఏర్పాటు లేకపోయాయి. శిక్షణకయ్యే ఖర్చును పొదుపు చేసుకోవచ్చని ఎవరైనా అంటే నాకు ఆ పన్నెండు మంది గుర్తొస్తారు, వాదనలో నెమ్మది నిలవదు.

మా కాలనీలో నేను బాబాయిగారూ అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. పన్నుల విషయంలో చాలా జాగ్రత్తగా ఆలోచించే మనిషి, నాతో ఈ విషయం మీద ఎన్నోసార్లు వాదించారు. "ఇష్టపడి చేసే పనికి ప్రభుత్వం డబ్బు పెడితే అది సేవ ఎలా అవుతుందమ్మా? రేపు డబ్బుతోపాటు నిబంధనలొస్తాయి, ఫారాలొస్తాయి, ఊరి పెత్తనం రాజధాని ఆస్టిన్‌కు పోతుంది" అని ఆయన అభ్యంతరం. ఇందులో మొదటి సగం నేను ఒప్పుకోను. డబ్బు మనిషికి జీతంగా ఇమ్మని అడగడం లేదు, పని చేయడానికి పనిముట్టు ఇమ్మని అడుగుతున్నాం. రక్తదానం చేసేవారిని సూది, సంచి మీరే కొనుక్కొని రండి అని ఏ ఆసుపత్రీ అనదు. రెండో సగంలో మాత్రం నిజముంది. గ్రాంటు కాగితాలు రాయడం ఒక వృత్తిగా మారిపోయింది. సమాఖ్య ప్రభుత్వం 2001 నుంచి అగ్నిమాపక డిపార్ట్‌మెంట్లకు ఇస్తున్న గ్రాంట్లలో ఇరవై వేల లోపు జనాభాకు సేవ చేసేవారు తమ వాటాగా అయిదు శాతం పెట్టుకుంటే చాలు. వినడానికి అది ఉదారంగానే ఉంటుంది. కానీ ఆ దరఖాస్తును గెలిచేలా రాయడానికి కావలసిన తీరిక, లెక్కలు, భాష పెద్ద డిపార్ట్‌మెంట్లకు ఉంటాయి, పొలం పని ముగించుకొని రాత్రి పదింటికి కంప్యూటర్ ముందు కూర్చునే ఊరి అధిపతికి ఉండవు. పోటీ పెట్టి ఇచ్చే డబ్బు అవసరం ఎక్కువున్నచోటికి కాకుండా రాతకోతలు బాగా వచ్చినచోటికి చేరడం సహజం. అందుకే సూత్రం ప్రకారం అందరికీ చేరే కనీస మొత్తం కావాలంటాను. విస్తీర్ణం, మంటల ముప్పు, స్థానిక ఆస్తి విలువ, పోయిన ఏడాది వెళ్లిన పిలుపుల సంఖ్య, ఈ నాలుగూ చూస్తే ఎవరికి ఎంత ఇవ్వాలో తేలిపోతుంది.

డబ్బు దుర్వినియోగమవుతుందన్న భయాన్ని కూడా కొట్టిపారేయలేను. ఇద్దరు ముగ్గురు మనుషులు లెక్కలు చూసే చిన్న సంఘాల్లో సొమ్ము పక్కదారి పట్టిన సందర్భాలు అమెరికా పత్రికల్లో అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. దానికి మందు ఏటా ఆడిట్, వస్తువుల రూపంలో సాయం, కౌంటీ స్థాయిలో ఉమ్మడి కొనుగోలు. ఇరవై డిపార్ట్‌మెంట్లు ఇరవై రకాల గొట్టాలు ఇరవై ధరలకు కొనే బదులు ఒకేచోట కొంటే ఖర్చు తగ్గుతుంది, ఒక ఊరి గొట్టం పక్క ఊరి ఇంజనుకు బిగుస్తుంది కూడా. పెద్ద మంటల్లో ఈ చిన్న విషయమే ప్రాణాధారమవుతుంది.

వాలంటీర్లను తీసేసి జీతాల సిబ్బందిని పెట్టేయమనేవారికి పెన్సిల్వేనియా వైపు చూడమంటాను. అమెరికాలో వాలంటీర్ అగ్నిమాపక దళాల సంప్రదాయం బలంగా వేళ్లూనింది అక్కడే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో స్థాపించిన యూనియన్ ఫైర్ కంపెనీ నుంచి. 1970లలో ఆ రాష్ట్రంలో సుమారు మూడు లక్షల మంది వాలంటీర్లుండేవారని, అది 38 వేలకు పడిపోయిందని రాష్ట్ర శాసనసభ నియమించిన కమిషన్ 2018లో చెప్పింది. అంతమంది స్థానంలో జీతాలిచ్చి మనుషులను పెట్టాలంటే ఏటా వందల కోట్ల డాలర్లు కావాలి, ఆ మొత్తం ఏ పార్టీ బడ్జెట్‌లోనూ కనిపించదు. మంచి దుస్తులు, మంచి ట్రక్కు, గాయమైతే చూసుకుంటారన్న భరోసా ఉంటే వాలంటీరు మరో పదేళ్లు నిలుస్తాడు. వాటికయ్యే ఖర్చు జీతాల ఖర్చులో చిన్న భాగం. లెక్క ప్రకారం చూసినా, దయ ప్రకారం చూసినా, రాష్ట్రానికి దీనికంటే లాభసాటి ఖర్చు మరొకటి ఉంటుందని నేననుకోను. మనిషి ఎందుకు మానేస్తాడన్నది కూడా గమనించాలి. రెండు ఉద్యోగాలు చేసి ఇల్లు గడిపే యువకుడికి మంటకు వెళ్లడానికి తీరిక కొంత దొరికినా, మంట తరువాత విందు వండి టికెట్లు అమ్మే తీరిక దొరకదు. వాలంటీరు సమయంలో పెద్ద భాగాన్ని చందాల వసూలు మింగేస్తోంది.

జర్మనీలో ఈ చిక్కుముడిని విప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. అక్కడ పెద్ద నగరాల్లో తప్ప మిగతా ఊళ్లన్నిటినీ కాపాడేది స్వచ్ఛంద దళాలే, వాటిలో దాదాపు పది లక్షల మంది ఉన్నారు. అయినా అగ్నిమాపక సేవను ఏర్పాటు చేయడం ప్రతి మునిసిపాలిటీకీ చట్టబద్ధమైన విధి. స్టేషను, బండి, దుస్తులు ఊరి ప్రభుత్వమే సమకూర్చాలి. అగ్ని బీమాపై వేసే ప్రత్యేక పన్ను రాష్ట్రాలకు వెళుతుంది. తగినంత మంది వాలంటీర్లు దొరకకపోతే పౌరులను తప్పనిసరి సేవకు పిలిచే అధికారం కూడా మునిసిపాలిటీకి ఉంది, చాలా అరుదుగా గాని ఆ అవసరం రాదు. ఇన్ని నిబంధనల మధ్య కూడా అక్కడి జనం ఉత్సాహంగా చేరుతూనే ఉన్నారు కాబట్టి, ప్రభుత్వం డబ్బిస్తే సేవాభావం చచ్చిపోతుందన్న బాబాయిగారి భయానికి ఆధారం లేదని నాకనిపిస్తుంది.

ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ విషయం పరాయిది కాదు. డాలస్‌కు ఉత్తరాన, ఆస్టిన్ చుట్టూ, హ్యూస్టన్‌కు నైరుతిన మనవాళ్లు కొంటున్న కొత్త ఇళ్లలో ఎన్నో నిన్నమొన్నటి వరకు పచ్చికబయళ్లుగా ఉన్న చోట కట్టినవి. నగర పరిధికి ఆవల పన్ను కాస్త తక్కువని, స్థలం కాస్త ఎక్కువని కొంటాం. తలుపు తీస్తే కనిపించే ఎండుగడ్డి అంటుకుంటే ఎవరు వస్తారని కొనేముందు అడిగినవారిని నేను పెద్దగా చూడలేదు. ఇంటి బీమా కాగితంలో అగ్నిమాపక తరగతి ఎంతో రాసి ఉంటుంది, అది చదివితే చాలు. దీపావళి సంగతి మరీ ముఖ్యం. చాలా నగరాల పరిధిలో టపాసులు కాల్చడం నిషేధం కాబట్టి మనవాళ్లు ఊరి బయట దుకాణాల్లో కొని, ఊరి బయటే కాలుస్తారు. దీపావళి రోజుల్లో టపాసుల అమ్మకాన్ని అనుమతించే వెసులుబాటు ఇటీవలే చట్టం ద్వారా కౌంటీలకు వచ్చింది, అది మన సమాజం కోరి సాధించుకున్న గుర్తింపు. ఆ రాత్రి ఒక నిప్పురవ్వ గడ్డిలో పడితే, మన పండుగ ఏమిటో తెలియని ఒక మనిషి భోజనం దగ్గరనుంచి లేచి వస్తాడు. మన సంఘాలు ఏటా సంబరాలకు పోగుచేసే విరాళాల్లో కొంత దగ్గరి డిపార్ట్‌మెంట్‌కు ఇవ్వడం మంచిదే, ఇస్తున్నవారూ ఉన్నారు. అయితే విరాళం ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. ఓటు హక్కు వచ్చినవారు ఈ విషయాన్ని తమ ప్రతినిధి దగ్గర ఎత్తాలి, అత్యవసర సేవల జిల్లా మీద ఓటింగు వచ్చినప్పుడు కాగితంలో అట్టడుగున ఉండే ఆ గడిని ఖాళీగా వదిలేయకూడదు.

వాలంటీర్లు వెళ్లేది మంటలకే కాదని కూడా గుర్తుంచుకోవాలి. రోడ్డు ప్రమాదాలు, గుండెపోట్లు, వరదలు, వాయువు లీకులు అన్నిటికీ మొదట చేరేది వాళ్లే. 2025 జులైలో మధ్య టెక్సస్‌ను వరదలు ముంచెత్తినప్పుడు మార్బుల్ ఫాల్స్ ప్రాంత వాలంటీర్ డిపార్ట్‌మెంట్ అధిపతి ఒక రక్షణ పిలుపు అందుకొని వెళుతూ నీళ్లలో కొట్టుకుపోయారు. కాబట్టి రాష్ట్ర నిధిని గడ్డిమంటల ట్రక్కులకే పరిమితం చేయకుండా, వరద పడవలకు, రేడియోలకు, ప్రథమ చికిత్స పరికరాలకు కూడా వర్తింపజేయాలి.

శాసనసభ తరువాతి సాధారణ సమావేశం 2027 జనవరిలో మొదలవుతుంది, 140 రోజులు సాగుతుంది. అందులో మూడు పనులు జరగాలని నా కోరిక. బీమా రుసుము మీది పరిమితి ప్రీమియంల మొత్తంతోపాటు దానంతటదే పెరిగేలా చట్టం మార్చాలి. మంటలకు కారణమయ్యే విద్యుత్ పంపిణీ సంస్థల నుంచి కూడా, తీగల పొడవును బట్టి, ఇదే నిధికి వాటా తీసుకోవాలి. వసూలైనదంతా ఆ ఏడాదే పంచాలని, లోటు వచ్చినా ఆ పద్దును తాకరాదని, ప్రతి గుర్తింపు పొందిన డిపార్ట్‌మెంట్‌కూ దరఖాస్తుతో పని లేకుండా కనీస మొత్తం సెప్టెంబర్‌లోనే చేరాలని రాయాలి. పాన్‌హ్యాండిల్‌లో గడ్డి బాగా ఎండి, గాలులు లేచే కాలం ఫిబ్రవరిలో వస్తుంది కాబట్టి, సెప్టెంబర్‌లో డబ్బు అందితేనే ఆ లోపు టైర్లు మార్చి, పంపు బాగుచేయించి, కొత్తగా చేరినవారిని శిక్షణకు పంపే వ్యవధి ఉంటుంది.